జీవావరణ శాస్త్ర మౌలిక భావనలు

జీవులకు, వాటి పరిసరములకు మధ్య, అలాగే జీవులకు ఇతర జీవులకు మధ్య గల సంబంధములను అధ్యయనము చేసే శాస్త్రమును జీవావరణ శాస్త్రము అంటారు. ఆంగ్లములో దీని పేరు ఎకాలజీ. ఏ మొక్క ఎక్కడ పెరుగును, ఏ జంతువు దేనిని తిని బ్రతుకును, ఒక చోట ఎన్ని జీవులు ఉండగలవు, ఒక జీవి కనుమరుగైనచో మిగిలిన వాటికి ఏమగును వంటి ప్రశ్నలు ఈ శాస్త్రము పరిధిలోనివి. పాఠ్యపుస్తకములలో ఈ భావనలకు ఆఫ్రికా సింహములను, ధ్రువపు ఎలుగుబంట్లను ఉదాహరణలుగా చూపుట ఆనవాయితీ. ఈ వ్యాసములో మాత్రము వీలైనంతవరకు ఆంధ్ర ప్రదేశ్‌లోని నంద్యాల జిల్లా చాగలమర్రి, ఆళ్ళగడ్డ ప్రాంతములను, వాటికి ఆనుకుని ఉన్న నల్లమల అడవులను, పొరుగున ఉన్న కడప జిల్లా పొదలను ఉదాహరణలుగా తీసుకోవడమైనది.

పేరు, చరిత్ర

జర్మనీ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1866లో ఈ శాస్త్రమునకు పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో ఓయికోస్ అనగా ఇల్లు. లోగోస్ అనగా శాస్త్రము. జీవులు నివసించే ఇంటిని గూర్చిన శాస్త్రమని భావము. ఎకనామిక్స్ అనే మాటకు కూడా మూలము ఈ ఓయికోస్ అనే పదమే. ఒకటి ఇంటిని గూర్చిన శాస్త్రము, రెండవది ఇంటి నిర్వహణను గూర్చిన శాస్త్రము.

డెన్మార్కుకు చెందిన యూజీనియస్ వార్మింగ్ 1895లో ప్రచురించిన గ్రంథము మొక్కల సముదాయముల అధ్యయనమునకు పునాది వేసినది. నీటి మొక్కలు, ఎడారి మొక్కలు, రెంటికీ మధ్యస్థమైన మొక్కలు అనే విభజనకు ప్రాచుర్యము కలిగినది ఆయన వలననే. ఇంగ్లండుకు చెందిన చార్లెస్ ఎల్టన్ 1927లో ఆహార గొలుసు, సంఖ్యా పిరమిడ్ అనే భావనలను విశదపరచినాడు. ఎకోసిస్టమ్ అనే మాటను 1935లో ఆర్థర్ టాన్స్‌లీ ప్రయోగించినాడు. అమెరికాకు చెందిన యూజీన్ ఓడమ్ 1953లో వెలువరించిన పాఠ్యగ్రంథము ప్రపంచమంతటా విశ్వవిద్యాలయములలో చదువబడినది. భారతదేశములో ఈ శాస్త్రమునకు ఆద్యుడుగా బనారస్ హిందూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రామదేవ్ మిశ్రా పేరు చెప్పుకుంటారు.

పదముల తికమక

తెలుగులో ఈ శాస్త్రమునకు సంబంధించిన పదములు ఇంకను స్థిరపడలేదు. జీవావరణ శాస్త్రము, ఆవరణ శాస్త్రము అనే రెండు పేర్లూ వాడుకలో ఉన్నవి. ఎకోసిస్టమ్‌ను ఆవరణ వ్యవస్థ, జీవావరణ వ్యవస్థ అని వ్రాస్తారు. బయోస్ఫియర్‌ను కొందరు జీవగోళమని, మరికొందరు జీవావరణమని వ్రాయుటచే చదువరులకు చిక్కు ఏర్పడుచున్నది. ఈ వ్యాసములో బయోస్ఫియర్‌కు జీవగోళమనే మాటనే వాడడమైనది.

ఇంతకంటే పెద్ద తికమక పర్యావరణము, జీవావరణ శాస్త్రము అనే మాటల విషయములో ఉన్నది. పర్యావరణము అనగా ఒక జీవి చుట్టూ ఉన్న సమస్తము: గాలి, నీరు, నేల, వెలుతురు, ఇతర జీవులు. అది అధ్యయనము చేయబడే వస్తువు. జీవావరణ శాస్త్రము అధ్యయనము చేసే విద్య. చెట్లు నాటుట, ప్లాస్టిక్ సంచులు మానుట మంచి పనులే గాని అవి జీవావరణ శాస్త్రము కావు. ఎక్కడ ఏ చెట్టు నాటవలెనో, ఎక్కడ అసలు నాటరాదో చెప్పునది జీవావరణ శాస్త్రము. చెట్లు నాటరాని చోట్లు కూడా ఉంటాయన్నది చాలామందికి వింతగా తోచును. క్రింద కలివి కోడి, బట్టమేక పిట్టల ఉదాహరణలలో అది తెలియును.

ఉదాహరణగా తీసుకున్న ప్రాంతము

చాగలమర్రి నంద్యాల జిల్లాలో, కడప జిల్లా సరిహద్దున ఉన్న మండల కేంద్రము. 2022 ఏప్రిల్ వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలు నుండి కడపకు పోవు జాతీయ రహదారిపై ఆళ్ళగడ్డ తరువాత వస్తుంది. తూర్పున నల్లమల కొండలు, పడమట దూరముగా ఎర్రమల కొండలు, ఆ రెంటి నడుమ కుందూ నది లోయ. ఎర్రమలలో పుట్టిన కుందూ దక్షిణముగా ప్రవహించి కమలాపురము వద్ద పెన్నలో కలియును. నల్లమల నుండి దిగే వక్కిలేరు వంటి వాగులు కుందూను చేరును. రాజోలి వద్ద కుందూపై ఆనకట్ట కలదు.

ఈ లోయకు రెండు కాలువల చరిత్ర ఉన్నది. 1863, 1870ల మధ్య మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ త్రవ్వించిన కర్నూలు - కడప కాలువ మొదటిది. దీనిని సేద్యమునకే గాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించినారు. రెండవది ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగములో వచ్చిన తెలుగుగంగ. ఇది వెలుగోడు జలాశయము నుండి నల్లమల పాదము వెంబడి బ్రహ్మంగారి మఠము వద్ద గల జలాశయము వైపు సాగును. కొండ దిగువ నుండి నది ఒడ్డు వరకు నడచిన మనిషికి కొద్ది గంటలలోనే ఆకురాల్చు అడవి, ముళ్ళపొదలు, బీడు, మెట్ట పొలము, కాలువ క్రింది వరిమడి, నదీతీరము వరుసగా తగులును. ఇన్ని రకముల ఆవరణ వ్యవస్థలు ఇంత దగ్గరగా ఉండుటయే ఈ ప్రాంతమును ఉదాహరణగా ఎంచుకొనుటకు కారణము.

నిర్జీవ కారకములు

ఒక చోట ఏ జీవులు ఉండగలవో ముందుగా నిర్ణయించునవి ప్రాణము లేని అంశములు. వీటిని నిర్జీవ కారకములు అంటారు. రాయి, నేల, వాన, ఉష్ణోగ్రత, వెలుతురు ఇందులోనివి.

నల్లమల కొండలు ప్రధానముగా క్వార్ట్‌జైటు, పలకరాతి పొరలతో ఏర్పడినవి. వీటి మీద మట్టి పలుచగా, రాళ్ళతో ఉండును. నీరు నిలువదు. కుందూ లోయ అడుగున సున్నపురాయి, షేలు పొరలు ఉన్నవి. భూగర్భ శాస్త్రవేత్తలు వీటికి కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అని ఈ ప్రాంతపు ఊళ్ళ పేర్లే పెట్టినారు. ఈ పొరలు శిథిలమైన చోట లోతైన నల్లరేగడి ఏర్పడినది. రేగడిలోని బంకమట్టి తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు కుంచించుకొని, వేసవిలో నెరియలు విచ్చును. ఈ కదలికకు చాలా చెట్ల లేత వేళ్ళు తెగిపోవును. రేగడిలో గడ్డి, పైరు బాగా పెరిగి, దట్టమైన అడవి అరుదుగా కనిపించుటకు మనిషి సేద్యము ఒక కారణము కాగా, నేల స్వభావము మరియొక కారణము.

ఈ సందర్భములో చెప్పవలసిన సూత్రము కనిష్ఠ కారక సూత్రము. జర్మనీ రసాయనవేత్త లీబిగ్ 1840లో దీనిని ప్రచారములోనికి తెచ్చినాడు. మొక్క పెరుగుదల దానికి సమృద్ధిగా లభించే పోషకములపై గాక, అవసరముతో పోల్చినపుడు అన్నింటికంటే తక్కువగా లభించే పోషకముపై ఆధారపడునని దీని సారాంశము. సున్నము అధికముగా గల నల్లరేగడిలో వరి వేసినపుడు ఎంత యూరియా చల్లినను పైరు ఎదగక, ఆకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చుట రైతులు ఎరిగినదే. అక్కడ తక్కువైనది జింకు. కొద్ది కిలోల జింకు సల్ఫేటు చేసే మేలు బస్తాల యూరియా చేయలేదు. 1913లో షెల్‌ఫర్డ్ దీనిని విస్తరించి, తక్కువైనపుడే గాక ఎక్కువైనపుడు కూడా ప్రతి కారకము జీవికి అడ్డు కాగలదని చెప్పినాడు. దీనిని సహన సూత్రము అంటారు. నీరు చాలనిచో శనగ ఎండును, నీరు నిలిచినచో కుళ్ళును.

జాతి నుండి జీవగోళము వరకు

తమలో తాము సంతానోత్పత్తి జరుపుకొనగల జీవుల సమూహము జాతి. ఒక చోట, ఒక కాలములో నివసించే ఒకే జాతి జీవుల సమూహము జనాభా. జనాభా అనే మాట వాడుకలో మనుషులకే పరిమితమైనను ఈ శాస్త్రములో దుప్పులకు, తంగేడు మొక్కలకు కూడా వర్తించును. ఒక చోట నివసించే వేర్వేరు జాతుల జనాభాలన్నీ కలిసి జీవ సముదాయము. జీవ సముదాయము, అక్కడి నిర్జీవ కారకములు కలిసి ఆవరణ వ్యవస్థ. ఒక వరిమడి, ఒక చెరువు, నల్లమల అడవి ఆవరణ వ్యవస్థలే. దీనికి నిర్దిష్టమైన హద్దు ఉండదు. పరిశీలకుడు తన ప్రశ్నను బట్టి హద్దు గీసుకొనును. భూమిపై జీవము గల భాగమంతా కలిసి జీవగోళము.

ఒక ఆవరణ వ్యవస్థ దీర్ఘకాలము పోషించగల ఒక జాతి జీవుల గరిష్ఠ సంఖ్యను ధారణ శక్తి అంటారు. ఊరి బీడులో ఎన్ని గొర్రెలు మేయగలవు అన్నది ధారణ శక్తికి సంబంధించిన ప్రశ్నే. కాపరులు దీనికి జవాబును పుస్తకము లేకయే ఎరుగుదురు.

ఆవాసము, నిచ్

జీవి నివసించే చోటును ఆవాసము అంటారు. ఆ చోట అది ఏమి తినును, ఏ వేళ తిరుగును, ఎక్కడ గ్రుడ్లు పెట్టును, ఎవరికి ఆహారమగును అనే మొత్తము జీవన విధానమును నిచ్ అంటారు. ఈ మాటకు సరియైన తెలుగు పదము రూఢి కాలేదు. ఆవాసము జీవి చిరునామా వంటిది, నిచ్ దాని వృత్తి వంటిది అని ఓడమ్ చేసిన పోలిక ప్రసిద్ధము. నిచ్ అనే భావనను గ్రిన్నెల్ 1917లోను, ఎల్టన్ 1927లోను ప్రతిపాదించగా, హచిన్సన్ 1957లో దానికి గణిత రూపమిచ్చినాడు.

ఒకే చెరువులో నీటికాకి మునిగి చేపలను పట్టును, కొంగ ఒడ్డున నిలిచి పొడుచును, లకుముకి పిట్ట పైనుండి దూకును. ముగ్గురి ఆవాసమొకటే, నిచ్‌లు వేరు. కనుకనే కలిసి ఉండగలుగుచున్నవి. ఒకే వనరుపై ఒకే విధముగా ఆధారపడే రెండు జాతులు ఒకే చోట ఎల్లకాలము కలిసి మనజాలవని రష్యా శాస్త్రవేత్త గాస్ 1934లో ప్రయోగపూర్వకముగా చూపినాడు.

ఆవాసము ఎంత చిన్నదైతే జీవికి అంత ప్రమాదము. దీనికి ఈ ప్రాంతములోనే ఒక చక్కని ఉదాహరణ కలదు. పీసిలోథీరియా మెటాలికా అనే నీలిరంగు చెట్టు సాలీడును 1899లో పొకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించినాడు. మొదటి నమూనా గుత్తి రైల్వే కలప అడితిలో దొరికినందున దానికి గుత్తి సాలీడు అని పేరు వచ్చినది. తరువాత నూరేండ్ల పాటు అది ఎవరి కంటా పడలేదు. చివరకు 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమల అడవిలో దొరికినది. గుత్తిలో దొరికినది అడవి నుండి దుంగలతో పాటు రైలులో వచ్చి ఉండునని భావిస్తున్నారు. ప్రపంచములో మరెక్కడా లేక ఒక్క ప్రాంతములోనే ఉండే ఇటువంటి జాతిని స్థానీయ జాతి అంటారు. ముదురు చెట్ల తొర్రలే దీనికి ఇల్లు. తొర్ర ఉన్న ముసలి చెట్టు కలపకు పనికిరాదని, వంటచెరకుగా మొదట నరకబడేది అదే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఈ సాలీడును తీవ్ర ప్రమాదములో ఉన్న జాతుల జాబితాలో చేర్చినది. అందముగా ఉండుటచే పెంపుడు జంతువుల వ్యాపారములో దీనికి గిరాకీ ఉండుట మరియొక ముప్పు. ఎర్రచందనము కూడా స్థానీయ జాతియే. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలికొండలు, దక్షిణ నల్లమల దీని సహజ నివాసము.

శక్తి ప్రవాహము, ఆహార గొలుసు

సూర్యరశ్మి నుండి ఆహారము తయారు చేయు మొక్కలు ఉత్పత్తిదారులు. వాటిని తిను జంతువులు ప్రాథమిక వినియోగదారులు, వీటిని తినునవి ద్వితీయ వినియోగదారులు, ఆపైన తృతీయ వినియోగదారులు. చచ్చిన వాటిని కుళ్ళజేసి తిరిగి మట్టిలో కలుపు బాక్టీరియా, శిలీంధ్రములు విచ్ఛిన్నకారులు. ఈ మెట్లలో ప్రతిదానిని పోషణ స్థాయి అంటారు.

చాగలమర్రి వరిమడిలో వరిని మిడుత తినును, మిడుతను కప్ప, కప్పను పాము, పామును నెమలి తినును. ఇది ఒక ఆహార గొలుసు. వాస్తవములో పాము ఎలుకను కూడా తినును, నెమలి గింజలను కూడా తినును. ఇట్లు అనేక గొలుసులు అల్లుకొని ఆహార జాలకమగును. జాలకము ఎంత చిక్కగా ఉన్న, ఒక పోగు తెగినపుడు అంత తట్టుకొనును. కప్ప అనే పోగు తెగిన సంగతి చూడవచ్చును. భారతదేశము ఒకప్పుడు కప్ప కాళ్ళను విదేశములకు ఎగుమతి చేసెడిది. పొలములలో కప్పలు తగ్గి పురుగులు, దోమలు పెరుగుచున్నవన్న ఆందోళనతో 1987లో ప్రభుత్వము ఈ ఎగుమతిని నిషేధించినది.

1942లో రేమండ్ లిండెమన్ ఒక సరస్సును పరిశీలించి శక్తి ఒక స్థాయి నుండి పై స్థాయికి పోవునపుడు చాలా భాగము నష్టమగునని చూపినాడు. స్థూలముగా పది శాతము మాత్రమే పై స్థాయికి చేరునని పాఠ్యపుస్తకములు చెప్పును. పది శాతమన్నది సగటు అంచనాయే గాని ప్రకృతి నియమము కాదు. వేర్వేరు చోట్ల ఇది ఎక్కువ తక్కువలుగా ఉండును. మిగిలిన శక్తి శ్వాసక్రియలో వేడిగా పోవును, కొంత తినబడకయే మిగిలిపోవును. గడ్డిలో 10,000 కాలరీలు ఉన్నచో దుప్పి శరీరములో 1,000, పులి శరీరములో 100 మిగులునని లెక్క.

పులులు ఎందుకు కొద్దిగా ఉండునో ఈ లెక్కయే చెప్పును. ఒక పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను చంపి తినును. దుప్పులు, కణుతుల సంఖ్య తరిగిపోకుండ ఇన్ని దొరకవలెననిన సుమారు 500 జంతువులు ఆ పులి తిరుగు అడవిలో ఉండవలెను. అన్ని జంతువులకు గడ్డి, ఆకు, నీరు కావలెను. నాగార్జునసాగర్ - శ్రీశైలము పులుల అభయారణ్యము దేశములోని అతిపెద్ద అభయారణ్యములలో ఒకటి. దక్షిణ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యము దానికి ఆనుకుని ఉన్నది. అయినను 2022 గణనలో ఆంధ్ర ప్రదేశ్ మొత్తములో నమోదైన పులులు 63 మాత్రమే. దేశము మొత్తములో సగటు అంచనా 3,682. అడవి పులిని కాపాడుట అనగా నిజానికి గడ్డిని, దుప్పిని, వాగులోని నీటిని కాపాడుట.

పచ్చని ఆకుతో గాక రాలిన ఆకుతో మొదలగు గొలుసును శిథిల ఆహార గొలుసు అంటారు. నల్లమల వంటి ఆకురాల్చు అడవిలో దీని పాత్ర చాలా పెద్దది. వేసవిలో రాలిన ఆకును, ఎండిన కట్టెను చెదలు తినును. చెదలను ఎలుగుబంటి పుట్ట త్రవ్వి పీల్చుకొనును. అలుగు కూడా చెదలు, చీమల పైననే బ్రతుకును. వేసవి మంటలు ఆకు మెత్తను కాల్చివేసినపుడు దెబ్బ తినునది ఈ గొలుసు. తరువాత మోడులు చిగిర్చి అడవి పచ్చబడినట్లు కనిపించుటచే ఈ నష్టము కంటికి ఆనదు.

విషములు గొలుసు వెంబడి

శక్తి పైకి పోయిన కొలది తగ్గును. కొన్ని విషములు దీనికి విరుద్ధముగా పైకి పోయిన కొలది పెరుగును. కొవ్వులో కరిగి, శరీరము నుండి సులభముగా బయటకు పోని రసాయనములు ఒక్కొక్క పోషణ స్థాయిలో మరింత గాఢమగును. దీనిని జైవిక వృద్ధీకరణము అంటారు. డీడీటీ వలన డేగల వంటి పక్షుల గ్రుడ్ల పెంకులు పలుచబడి పగిలిపోయినవి. 1962లో రాచెల్ కార్సన్ వ్రాసిన గ్రంథము డీడీటీ వంటి మందుల కీడును లోకమునకు చాటినది. నంద్యాల లోయ ప్రత్తికి పేరుపడినది. ప్రత్తి పురుగు మందులను విపరీతముగా త్రాగు పంట. మందులు పెరిగిన కొలది వాటికి తట్టుకొను పురుగులు మాత్రమే మిగిలి సంతతి పెంచుకొనుటచే 1980ల చివర శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగక కోస్తా జిల్లాల ప్రత్తి రైతులు అప్పులపాలై, కొందరు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఇది ఆర్థిక విషాదమే గాక ప్రకృతి వరణమునకు పొలములో జరిగిన నిరూపణ కూడా. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించినది. కాలక్రమమున గులాబీ రంగు కాయతొలుచు పురుగు దానికి కూడా తట్టుకొను శక్తి సంపాదించినది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించినది.

రాబందుల కథ దీనికి భిన్నమైనది. ఇది మెల్లగా కూడిన విషము కాదు, ఒక్క పూట భోజనముతో సరిపోయిన విషము. పశువులకు నొప్పి తగ్గుటకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసము ద్వారా రాబందు శరీరములో చేరి మూత్రపిండములను పాడుచేయునని 2004లో వెల్లడైనది. అప్పటికే దేశములో మూడు జాతుల రాబందులు నూటికి తొంబది ఐదుకు పైగా తరిగిపోయినవి. పశువైద్యములో డైక్లోఫెనాక్‌ను 2006లోను, కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను 2023లోను ప్రభుత్వము నిషేధించినది. ఊరి బయట పడవేసిన కళేబరమును గంటలలో శుభ్రము చేసిన పక్షులు లేకపోవుటతో ఆ పని కుక్కలకు దక్కినది. కుక్కలు పెరిగిన చోట పిచ్చికుక్క కాటు భయము పెరిగినది.

పదార్థ చక్రములు

శక్తి ఒకే దిశలో ప్రవహించి పోవును. పదార్థము మాత్రము చక్రములో తిరుగును. కార్బను, నత్రజని, భాస్వరము, నీరు ముఖ్య చక్రములు. గాలిలో నత్రజని నూటికి 78 పాళ్ళు ఉన్నను మొక్కలు దానిని నేరుగా గ్రహించలేవు. శనగ, కంది, పెసర వంటి పప్పుజాతి మొక్కల వేరు బుడిపెలలోని రైజోబియం బాక్టీరియా దానిని మొక్కకు అందివచ్చు రూపములోనికి మార్చును. జొన్న తరువాత శనగ వేయు పాత పద్ధతిలో ఈ జ్ఞానము ఇమిడి ఉన్నది. ఏటికేడు ఒకే పైరు వేసినపుడు చక్రము తెగి, తెగిన చోట ఎరువు బస్తా వచ్చి చేరును.

జీవుల మధ్య సంబంధములు

రెండు జాతులకూ మేలు కలిగించునది అన్యోన్యాశ్రయ సహజీవనము. పైన చెప్పిన శనగ, రైజోబియంల సంబంధము అటువంటిది. ఒకదానికి మేలు కలిగి రెండవదానికి మేలు గాని కీడు గాని లేనిది సహభోజకత్వము. మేయుచున్న గేదెల వెంట తిరిగి, వాటి కాళ్ళకు అదిరి లేచే మిడుతలను ఏరుకొను తెల్లకొంగ దీనికి ఉదాహరణ. ఒకటి మరియొకదానిపై పడి బ్రతుకునది పరాన్నజీవనము. మామిడి కొమ్మపై మొలచే బదనిక, కంచెలపై పసుపుపచ్చగా అల్లుకొను బంగారు తీగ ఇట్టివి. బదనికకు ఆకులుండి సొంతముగా ఆహారము చేసుకొనుటచే అది పాక్షిక పరాన్నజీవి. బంగారు తీగ సంపూర్ణ పరాన్నజీవి. చంపి తినుట పరభక్షణము.

సంఖ్యలో తక్కువగా ఉండి, తన ఉనికితో సముదాయము మొత్తమును నిలబెట్టే జాతిని మూలస్తంభ జాతి అనవచ్చును. అమెరికాకు చెందిన రాబర్ట్ పెయిన్ సముద్రతీరపు నక్షత్ర చేపలను పరిశీలించి 1969లో ఈ భావనకు పేరు పెట్టినాడు. మిగిలిన చెట్లు ఎండి ఉన్న కాలములో పండ్లు కాచి పక్షులను, కోతులను, గబ్బిలములను నిలుపు మర్రి, జువ్వి, మేడి చెట్లు మన అడవులలో ఈ కోవకు చెందును.

అనుక్రమము

ఖాళీ అయిన నేలలో ఒక జీవ సముదాయము స్థానములో మరియొకటి క్రమముగా వచ్చుటను అనుక్రమము అంటారు. చాగలమర్రి వైపు ఒక మెట్ట చేను సాగు మానినచో మొదట గరిక, తుంగ, వెంపలి వచ్చును. తరువాత తంగేడు, రేగు పొదలు. వాటి నీడలో, పక్షుల రెట్టలతో వచ్చిన వేప విత్తులు మొలచును. అడవికి దగ్గర చేనైనచో మోదుగ, తునికి కూడా చేరును. ఈ క్రమము చివరి స్థిర దశను చరమ దశ అంటారు. ఈ సిద్ధాంతమును 1916లో క్లెమెంట్స్ విపులముగా ప్రతిపాదించినాడు. సముదాయము ఒక జీవి వలె పుట్టి, పెరిగి, పరిపక్వమగునని ఆయన భావన. 1926లో గ్లీసన్ దీనిని కాదని, ఒక్కొక్క జాతి తన దారిన తాను వచ్చి చేరునే గాని ముందుగా నిర్ణయించిన గమ్యము లేదని వాదించినాడు. నేడు చాలామంది శాస్త్రవేత్తలు గ్లీసన్ వైపే మొగ్గుదురు. పాఠ్యపుస్తకములలో మాత్రము క్లెమెంట్స్ చరమ దశయే ఇంకను రాజ్యమేలుచున్నది.

అనుక్రమము తలచిన దారిలో పోక అడ్డము తిరుగుటకు ఉత్తమ ఉదాహరణ సర్కారు తుమ్మ. దీనిని రాయలసీమలో కంపచెట్టు అని కూడా అంటారు. ఇది మధ్య, దక్షిణ అమెరికాల మొక్క. వంటచెరకు కొరతను తీర్చుటకు మద్రాసు ప్రభుత్వ అటవీ అధికారి కర్నల్ బెడ్డోమ్ కోరికపై విత్తులు తెప్పించి 1877-78 ప్రాంతములో కడప జిల్లా కమలాపురము తోటలలో నాటినారు. కుందూ పెన్నలో కలిసే చోటు అదే. భారతదేశములో ఈ మొక్క తొలి అడుగు పడిన చోట్లలో ఇది ఒకటి. మేకలు, గొర్రెలు తీపి కాయలను తిని విత్తులను పెంటికలతో వెదజల్లును. పశువు కడుపులో నానిన విత్తు మరింత తొందరగా మొలచును. దాని క్రింద ఇతర మొక్కలు సరిగా ఎదగవు. సాగు మానిన చేనిలో, చెరువు గర్భములో, వాగు ఒడ్డున నేడు మొదట వచ్చేది, చివరి వరకు ఉండేది ఇదే. తంగేడు, రేగుల వంతు రానే రాదు. ఇట్లు బయటి నుండి వచ్చి స్థానిక జాతులను త్రోసివేయు వాటిని ఆక్రమణ జాతులు అంటారు. అయితే పేదవారి పొయ్యిలోనికి కట్టె, బొగ్గు బట్టీల వారికి పని ఇచ్చేది కూడా ఇదే కావుటచే, దీనిని నిర్మూలించవలెనన్న మాట అందరికీ ఒకే విధముగా రుచించదు. వయ్యారిభామ, గుర్రపుడెక్క కూడా ఆక్రమణ జాతులే. వాటికి ఈపాటి ఉపకారము కూడా లేదు.

అంచులు, ముక్కలు

రెండు ఆవరణ వ్యవస్థలు కలియు మధ్య పట్టీని సంధి మండలము అనవచ్చును. ఆంగ్లములో ఎకోటోన్ అంటారు. ముత్యాలపాడు వంటి కొండ దిగువ గ్రామముల పొలములు ఈ పట్టీలో ఉన్నవి. ఇక్కడ అడవి జీవులు, పొలము జీవులు రెండూ కనిపించుటచే జాతుల సంఖ్య అధికము. దీనిని అంచు ప్రభావము అంటారు. వేరుశనగ చేనిలో అడవి పందులు పడుట కూడా అంచు ప్రభావమే. పుస్తకములో ఇది ఆసక్తికరమైన భావన, రాత్రంతా మంచెపై కాపలా ఉండు రైతుకు నష్టము. రెండూ నిజములే.

ఒక పెద్ద ఆవాసము రోడ్లు, కాలువలు, రైలు మార్గములు, పొలములచే ముక్కలగుటను ఆవాస విచ్ఛేదనము అంటారు. నంద్యాల - గిద్దలూరు రైలు మార్గము, రహదారి నల్లమలను అడ్డముగా చీల్చుచున్నవి. కొండపాదము వెంట సాగు కాలువ అడవిని మైదానము నుండి వేరుచేయుచున్నది. చిన్న ముక్కలో జాతులు తక్కువగా నిలుచునని 1967లో మెకార్థర్, విల్సన్‌లు ద్వీపముల అధ్యయనము ద్వారా సిద్ధాంతీకరించినారు. సముద్రము నడుమ దీవికి, పొలముల నడుమ అడవి ముక్కకు ఈ విషయములో తేడా లేదు. ముక్కలను కలుపు సన్నని దారిని జీవ నడవ అంటారు. నల్లమల నుండి దక్షిణముగా లంకమల మీదుగా శేషాచలము వరకు గల కొండల వరుస పులులకు అటువంటి నడవ.

ఆవాసమును కాపాడుట అనగా కంచె వేయుట ఒక్కటే కాదని నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు చెప్పును. బట్టమేక పిట్ట కొరకు అక్కడ 1988లో అభయారణ్యము ఏర్పడినది. ఈ పక్షికి కావలసినది చెట్లు లేని పొట్టి గడ్డి మైదానము, చుట్టూ జొన్న, కొర్ర వంటి మెట్ట పైర్లు. అభయారణ్యము విస్తీర్ణము సుమారు 6 చదరపు కిలోమీటర్లు. పక్షి తిరుగు ప్రదేశము దానికి ఎన్నో రెట్లు. మేత ఆపిన చోట గడ్డి ఎత్తుగా పెరిగినది. చుట్టుపక్కల పొలములకు సాగునీరు వచ్చి పైర్లు మారినవి. కృష్ణజింకలు వృద్ధి చెందినవి, బట్టమేక పిట్ట మాత్రము అక్కడ చూచుటకు దుర్లభమైనది. రైతుకు నీరు అందినందుకు ఎవరును విచారించనక్కరలేదు. కాని నీటి పథకము రూపొందించునపుడు ఈ పక్షి లెక్కలో లేదన్నది వాస్తవము.

కలివి కోడి

పైన చెప్పిన భావనలలో చాలావాటిని ఒక్క పక్షి కథలో చూడవచ్చును. కలివి కోడిని జెర్డాన్ పంపిన నమూనా ఆధారముగా 1848లో బ్లైత్ వర్ణించినాడు. పెన్న, గోదావరి పరీవాహక ప్రాంతములలో కొన్నిసార్లు కనిపించి 1900 తరువాత జాడ లేకపోవుటచే అంతరించినదని భావించినారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటము సమీపములో రెడ్డిపల్లె వద్ద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ బృందము దానిని తిరిగి కనుగొన్నది. పక్షిని ముందుగా గుర్తించి పట్టినవాడు స్థానిక పిట్టల వేటగాడు. శాస్త్రవేత్తలు ఎనుబది ఏండ్లకు పైగా ఎరుగని పక్షి, దాని తిరుగు వేళలతో సహా, అక్కడివారికి తెలిసియే ఉన్నది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

ఈ పక్షి నిచ్ చాలా ఇరుకైనది. దట్టమైన అడవి పనికిరాదు, బోడి మైదానము పనికిరాదు. పొదల నడుమ ఖాళీ నేల ఉండి, రాత్రివేళ పురుగులను ఏరుకొనుటకు పరుగెత్త వీలైన ముళ్ళపొదల అడవి కావలెను. అటువంటి అడవికి మితమైన మేత, కట్టెకొట్టుడు కొంత మేలు చేయును. అతిగా సాగినచో నాశనము చేయును. ఇటువంటి పొదలను పనికిరాని నేలగా ఎంచి తోటలు వేయుట, చదును చేయుట, చెట్లు నాటుట పరిపాటి. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఈ పక్షి ఆవాసములోనికి వచ్చినపుడు పరిరక్షకులు అభ్యంతరము తెలిపినారు. విషయము సుప్రీంకోర్టు నియమించిన కమిటీ వరకు పోయి, చివరకు కాలువ మార్గమును మార్చినారు. ఒక పక్షి కొరకు కాలువ దారి మార్చిన సందర్భములు దేశములో అరుదు.

ఆవాసము మిగిలినను పక్షి దర్శనము మాత్రము కష్టమైనది. 2000ల దశకము తరువాత చాలా ఏండ్ల పాటు నమ్మదగిన జాడ దొరకలేదు. రాత్రిపూట తిరిగే పిరికి పక్షి కావుటచే దానిని వెదకు పద్ధతులు కూడా ప్రత్యేకమైనవి. పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారిన తరువాత వాటిపై మూడు వ్రేళ్ళ పాదముద్రల కొరకు చూచెదరు. చీకటి పడు వేళ రికార్డు చేసిన కూతను వినిపించి, బదులు కూత కొరకు చెవి ఒగ్గి నిలుచుందురు.